ఆయుధపూజ మర్నాటి ఊరు

ఎవరైనా వచ్చి "మీ బెంగళూరు ఎంత శుభ్రంగా ఉందండీ" అంటే నేను మొదట అడిగే మాట, "ఏ రోజు చూశారు?" అని. "ఎంత చెత్తగా ఉందండీ" అన్నవాళ్ళనీ అదే అడుగుతాను. రెండు రకాలవాళ్ళకీ కోపం వస్తుంది. రానివ్వండి. చుట్టానికి చూపించే ఊరు వేరు, మనం కాపురముండే ఊరు వేరు. ఆ చూపించే పనిలో కొన్నేళ్ళు జీతం తీసుకున్నదాన్ని కాబట్టి ఈ మాట ధైర్యంగా అంటున్నాను.

ఇప్పుడు మీరు వైట్‌ఫీల్డ్ గాజు మేడల్లో కూర్చుని చెత్త గురించి రంగురంగుల బొమ్మలు తెర మీద వేసి మాట్లాడుకుంటున్నారు. మంచిదే. నన్ను కూడా ఒకసారి పిలిచారు. అరగంట మాట్లాడమని పిలిచి, నేను అసలు సంగతికి రాకముందే "థాంక్యూ మేడమ్" అని పూలగుత్తి చేతిలో పెట్టారు. ఆ మిగిలిపోయిన సంగతి ఇక్కడ చెబుతాను. పూలగుత్తితో ఆపడానికి ఇక్కడ ఎవరూ లేరు.

తొంభైల చివర్లో నేను నగరపాలక ఆఫీసులో చేరాను. ఇంటింటికీ తోపుడుబండి తీసుకెళ్ళి గంట కొట్టి చెత్త తెచ్చే పద్ధతి అప్పుడే మొదలుపెడుతున్నారు. నా ఎమ్మే చూసి కాదు, నా భాష చూసి ఉద్యోగం ఇచ్చారు. వీధులు ఊడ్చే ఆడవాళ్ళందరూ తెలుగువాళ్ళు, తాతల నాడు సీమ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డవాళ్ళు. ఆఫీసులో మాట కన్నడం, ఫైలు ఇంగ్లీషు. మధ్యలో అనంతపురం నుంచి కాపురానికొచ్చిన నేను. వాళ్ళు తిట్టేది ఆఫీసుకి మర్యాదగా చెప్పడం, ఆఫీసు మర్యాదగా చెప్పేది వాళ్ళకి తిట్టులా వినిపించకుండా చూడడం. అదీ నా ఉద్యోగం. నాలాంటి నోరున్నదానికి ఆ పని అప్పగించినవాడు ఎవడో గానీ వాడికి మనుషుల గురించి ఏమీ తెలియదు.

మా వార్డు పీణ్య ఫ్యాక్టరీల పేటని ఆనుకుని ఉండేది. వీధికి ఒక పక్క ఇళ్ళు, మరో పక్క చిన్న చిన్న మిషన్ షాపులు. ఆడవాళ్ళు చీకటితో ఇల్లు వదిలి వచ్చి, ఎండెక్కి మధ్యాహ్నం అయ్యేదాకా వీధుల్లోనే ఉండేవాళ్ళు. హాజరు వేసేది రోడ్డు మూల మీద. చీర మార్చుకోవాలంటే చాటు లేదు. ఇంక దొడ్డికి పోవడం సంగతి అడక్కండి. ఎవరి వాకిలి ఊడ్చినా ఆ ఇంటి బాత్రూం తలుపు వీళ్ళకి తెరుచుకునేది కాదు. అందుకని నీళ్ళు తాగడమే మానేసేవాళ్ళు. ఎండలో పొద్దంతా ఊడ్చి, గొంతు తడుపుకోకుండా ఇంటికి పోయేవాళ్ళు.

ఆ వీధి చివరే పాత వార్డు ఆఫీసు ఉండేది. ఆఫీసు వేరే చోటికి మారిపోయాక దానికి తాళం పడింది. ముందు ఒక గది, వెనక చిన్న పెరడు, పెరట్లో కుళాయి, ఓ మూల మరుగుదొడ్డి. లోపల కాళ్ళు విరిగిన కుర్చీలు మాత్రం హాయిగా కాపురం చేస్తున్నాయి. ఆ కట్టడం ఈ ఆడవాళ్ళకి ఇప్పించాలని నేను మా ఇంజనీరు సారుని పట్టుకున్నాను. ఆయన చెడ్డవాడు కాదు. "ఫైలు నడుస్తోందమ్మా" అనేవాడు. ఆ ఫైలు నడిచినంత దూరం నేను నడిచి ఉంటే ఊరి అవతలి కొసన ఏ కె.ఆర్.పురమో చేరి ఉందును.

ఒకరోజు సారు ముఖం వెలిగిపోతూ పిలిచాడు. ఏదో విదేశీ నగరం వాళ్ళు మన ఊరితో జంట నగరం ఒప్పందం చేసుకోవాలనుకుంటున్నారట. ఊరు చూడ్డానికి వాళ్ళ కార్పొరేషన్ నుంచి ఒక బృందం వస్తోందట. ఇంటింటి సేకరణ చూపించడానికి మా వార్డే ఎంచారట.

"ఇది గనక బాగా జరిగిందా, ఆ తాళంచెవి నీ చేతిలో పెడతాను" అన్నాడు కన్నడలో. "నోడమ్మా, ఇది నా మాట."

వెంటనే అడిగాను, "ఎప్పుడు సార్?"

"విజయదశమి పొద్దున. నేనే చెప్పి ఆ రోజు పెట్టించాను. సెలవు, ట్రాఫిక్ ఉండదు. పైగా పండగ! ప్రతి షాపుకీ మామిడాకులు, ప్రతి బండికీ పూలు. మన ఊరు అంత అందంగా ఇంకెప్పుడుంటుంది?"

ఈ మాట అంటున్నది ఎవరు? ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగిన మనిషి!

"సార్, అందంగా ఉండేది ముందు రోజు, ఆయుధపూజ నాడు. మర్నాడు పొద్దున ఊరు ఎలా ఉంటుందో ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. ఆఫీసర్లు పండగ మర్నాడు ఆలస్యంగా లేస్తారు. మీరు కూడా చూసి ఉండరు కాబట్టి చెబుతాను. బెంగళూరులో ఆయుధపూజ అంటే మిషన్ ఉన్న ప్రతివాడూ, చక్రం ఉన్న ప్రతివాడూ ఒక బూడిద గుమ్మడికాయ తెచ్చి, దాన్లో కుంకుమ నింపి, దిష్టి తీసి నడిరోడ్డు మీద పగలగొడతాడు. మా వీధిలో షట్టరుకో కాయ, లారీకో కాయ, స్కూటరుకో కాయ. దానికి తోడు గుమ్మాలకి కట్టిన అరటి చెట్లు, దండలు, నిమ్మకాయలు. తెల్లారేసరికి వీధి నిండా ఎర్రటి గుజ్జు. కొత్తవాడెవడైనా చూస్తే ఇక్కడేదో యుద్ధం జరిగిందనుకుని పారిపోతాడు. ఆ గుజ్జు మీద మోటారు సైకిళ్ళు జారి పడేవాళ్ళు వేరే.

"ముందు రోజు సాయంత్రమే ఊడిపించెయ్" అన్నాడు సారు.

"సాయంత్రానికి చీపుళ్ళు పూజలో ఉంటాయి సార్."

"చీపుళ్ళకి పూజేమిటి?"

"వాళ్ళ ఆయుధం అదే కదా. పూజలో పెట్టినదాన్ని మర్నాడు ఉద్వాసన చెప్పి కదిలించేదాకా పనికి ముట్టుకోరు."

"ఈ ఒక్క ఏడాదికి పూజ మానెయ్యమను."

ఈ మాటని మర్యాదగా మార్చి చెప్పడం నా వల్ల కాలేదు. ఉన్నది ఉన్నట్టే చెప్పాను. మూల మీద హాజరుకి నిలబడ్డవాళ్ళందరూ ఒక్కసారి ఘొల్లుమన్నారు. వాళ్ళలో ఒక పెద్దామె ఉండేది. నోట్లో వక్క, చేతిలో చీపురు, ముఖంలో భయమన్నది మచ్చుకి కూడా లేదు.

"ఏమప్పా మేడమ్మా, ఇది యాడన్నా ఉండాదా? లారీకి నిమ్మకాయలు గడతారు. మిషన్లకి కుంకం పెడతారు. ఆ సారు జీపుకి అరటిచెట్లు గట్టి రథం మాదిరి తిప్పుతారు. మా పొరక ఒక్కటే వద్దా? సంవత్సరమంతా ఊరి దిష్టి ఊడ్చేది యా ఆయుధమంట?"

పక్కనే కొత్తగా పెళ్ళయి పనిలోకి వచ్చిన చిన్నామె అందుకుంది. "సారుని వచ్చి ఊడ్వమను మేడం. ఆయప్పకి పూజ ల్యాకున్నా చెయ్యి ఆడతాది."

"నోరు ముయ్యే" అంది పెద్దామె, నవ్వు ఆపుకుంటూ. తర్వాత నా వైపు తిరిగి, "ఆ గది మాట ఏమాయె?" అంది.

అదీ అసలు మాట. నేను వాళ్ళకి మాటిచ్చాను. సారు నాకు మాటిచ్చాడు. ఆ రెండు మాటలూ ఇప్పుడు గుమ్మడికాయ గుజ్జులో కాలేసి నిలబడ్డాయి.

నాకొక ఆలోచన తట్టింది. పరుగున సారు దగ్గరికి పోయాను.

"సార్, ఏటా వాళ్ళు చీపుళ్ళని ఫుట్‌పాత్ మీద పెట్టి పూజ చేస్తారు. ఎవరో తొక్కుతారని కాపలా కాస్తూ కూర్చుంటారు. మర్నాడు ఇళ్ళకి పోయి స్నానాలు చేసి వచ్చాకే తీరిగ్గా ఉద్వాసన. అదే ఆ పాత ఆఫీసు తెరిచారనుకోండి, పూజ అక్కడే లోపల పెట్టుకుని, అక్కడి కుళాయి దగ్గరే స్నానాలు చేసి, వెలుగు రాగానే ఉద్వాసన చెప్పి పనిలోకి దిగుతారు. మీ చుట్టాలు వచ్చేలోపు వీధి అద్దంలా ఉంటుంది."

సారు కాసేపు పెన్ను మూత నమిలాడు. "ఒక్క పూజకే. మర్నాడు మధ్యాహ్నం తాళం మళ్ళీ పడుతుంది. మిగతాది ఆ విదేశీయులు ఏమంటారో చూశాక."

"ఆయ్తు సార్" అన్నాను. వాదించకుండా నేను ఒప్పుకున్న సందర్భాలు నా ఉద్యోగంలో చాలా తక్కువ. సారుకి అనుమానం రావాల్సింది. రాలేదు.

ఆయుధపూజ నాడు ఆ తలుపు తెరిచినప్పుడు చూడాలి మీరు! విరిగిన కుర్చీలన్నీ పెరటి గోడకి చేరాయి. గచ్చు కడిగారు, గోడలకి బూజు దులిపారు, గడపకి పసుపు రాశారు. చిన్నామె పెరట్లో కుళాయి తిప్పింది. అది ముందు దగ్గింది, ఎర్రటి తుప్పు కక్కింది, తర్వాత ఒక్కసారిగా తెల్లటి నీళ్ళు భళ్ళున దూకాయి. ఆడవాళ్ళందరూ పెళ్ళికూతుర్ని చూసినట్టు ఆ కుళాయి చుట్టూ చేరారు. దొడ్డి తలుపుకి గడియ లేకపోతే ఎవరో తాడు కట్టారు. తర్వాత గదిలో చీపుళ్ళన్నీ వరసగా నిలబెట్టి, పసుపు పూసి, కుంకుమ పెట్టి, చామంతి దండ వేసి, కలశం ముందు దీపం వెలిగించారు. నాకు బొరుగులూ అరటిపండూ చేతిలో పెట్టి పెద్దామె అంది, "సల్లగా ఉండు తల్లీ. యాభై ఏండ్లొచ్చె నాకు, పొరకకి నెత్తిన కప్పు ఉండేది ఇదే మొదలు."

బయట వీధిలో ఫట్, ఫట్ మని కాయలు పగులుతూనే ఉన్నాయి.

మర్నాడు పొద్దున నేను అనుకున్నదానికంటే ఘోరంగా ఉంది వీధి. కానీ ఆ పని జరిగిన తీరు నేనింకెప్పుడూ చూడలేదు. చీపుళ్ళు బయటికొచ్చాయి. ఒకరు గుజ్జు లాగితే ఒకరు పారతో ఎత్తారు, ఒకరు బకెట్టుతో నీళ్ళు కొట్టారు. ఇన్నాళ్ళూ నీళ్ళ కోసం ఇంటింటికీ పోయి బతిమాలినవాళ్ళకి ఇప్పుడు సొంత కుళాయి ఉంది మరి! ఎండ వచ్చేసరికి వీధి తడి ఆరి మెరుస్తోంది. మామిడాకులు మాత్రం గుమ్మాలకి ఆకుపచ్చగా వేలాడుతున్నాయి. సారు చెప్పిన అందం నిజంగానే వచ్చింది.

ఒక్కటే తక్కువ. లారీ రాలేదు. దానికి దండ వేసి డ్రైవరు పండక్కి ఊరికి వెళ్ళిపోయాడు. ఊడ్చినదంతా వీధి మధ్యలో ఖాళీ సైటులో కొండలా పడి ఉంది, ఎర్రటి కాయలూ అరటి బొందలూ కలిసి.

సారు జీపు దిగాడు. కొండని చూశాడు. గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. తర్వాత ఫోను తీసుకుని నవరాత్రి పందిళ్ళు వేసేవాడిని పిలిపించాడు. కాసేపట్లో కొండకి నాలుగు పక్కలా ఎరుపు, పసుపు, ఆకుపచ్చ పువ్వుల షామియానా గుడ్డలు లేచాయి. ముందు పక్క రెండు గుడ్డలు ఒకదాని మీద ఒకటి వచ్చేలా వేలాడదీశారు. పైన మామిడాకుల తోరణం ఒకటి!

"సార్, ఇది చూస్తే లోపల పెళ్ళి జరుగుతోందనుకుంటారు" అన్నాను.

"అనుకోనీ. పెళ్ళి శుభమే కదా!"

విదేశీయులు వచ్చారు. పత్రికల నుంచి ఫోటోలు తీసేవాళ్ళు వచ్చారు. బృందానికి పెద్ద ఒక పొడుగాటి ఆవిడ. వాళ్ళ ఊళ్ళో వీధుల శుభ్రం చూసేది ఆవిడేనట. అంటే మా కులమే. తోపుడుబండ్లు చూసింది, గంట తనే కొట్టింది, వీధిని చూసి "బాగుంది, చాలా బాగుంది" అంది. సారు మీసాలు పైకి లేచాయి. నాకు తాళంచెవి కళ్ళ ముందు ఆడింది.

అప్పుడు ఆవిడ నా పక్కకి వచ్చి, గొంతు తగ్గించి, టాయిలెట్ ఎక్కడుందని అడిగింది. పొద్దున్నుంచీ కార్లో తిప్పుతున్నారట.

నేను నోరు తెరిచేలోపే ఆవిడ కళ్ళు ఆ రంగుల గుడ్డల మీద పడ్డాయి. "ఓ, అక్కడా?" అంది. అంతకు ముందు రోజు ఏదో దసరా ఉత్సవానికి తీసుకెళ్ళారట. అక్కడ మైదానంలో ఆడవాళ్ళ కోసం సరిగ్గా ఇలాంటి గుడ్డలే నాలుగు పక్కలా కట్టారట. నేను "నో, నో" అంటూనే ఉన్నాను. అవసరంలో ఉన్న ఆడదాని నడకని ఎవరు ఆపగలరు? పొడుగాటి కాళ్ళు కూడానూ. సారు వెనక నుంచి "మేడమ్! మేడమ్!" అని పరుగు. ఆవిడ గుడ్డ ఎత్తేసింది.

లోపల మా గుమ్మడికాయల కొండ. కొండ మీద ఒక ఆవు, అరటి ఆకు నములుతూ. ఆవు ఆవిడని చూసింది. ఆవిడ ఆవుని చూసింది. ఫోటోలవాళ్ళు ఇద్దర్నీ చూశారు.

సారు ముఖం సున్నం కొట్టినట్టు అయిపోయింది. పోయింది, గది పోయింది, అనుకున్నాను.

అప్పుడు గుంపులోంచి పెద్దామె వచ్చింది. వచ్చీ రాగానే ఆవిడ ముఖం ఒకసారి చూసింది. ఆ ముఖంలో ఏముందో కనిపెట్టడానికి ఇంగ్లీషు అక్కర్లేదు. రోజూ ఆ ఇబ్బంది పడేవాళ్ళే కదా వీళ్ళు.

"అయ్యో, ఈ తల్లికి అర్జెంటు ఉండాది. మీరేమప్పా బొమ్మల మాదిరి నిలబడినారు?" అని ఆవిడ మణికట్టు పట్టుకుంది. "రా తల్లీ, రా."

ఇద్దరూ పాత ఆఫీసు వైపు నడిచారు. నేను వెనకే పరుగెత్తాను. పెద్దామె ఆవిడని పెరట్లోకి తీసుకుపోయి, దొడ్డి చూపించి, బకెట్టు నీళ్ళు పెట్టి, బయట తాడు పట్టుకుని కాపలా నిలబడింది. ఆవిడ బయటికొచ్చి కుళాయి దగ్గర ముఖం కడుక్కుని హమ్మయ్య అని ఊపిరి వదిలింది. ముందు గదిలోకి రాగానే దీపం చూసి ఆగిపోయింది. పెద్దామె ఆవిడ నుదుట కుంకుమ పెట్టింది, దోసిట్లో బొరుగులు పోసింది. ఆవిడ ఒక్కో బొరుగే నోట్లో వేసుకుంటూ నన్ను అడిగింది, ఇదేమిటని. చెప్పాను. ఇది ఊడ్చేవాళ్ళ పూజ, ఇది వాళ్ళ గది అన్నాను. ఏ రోజు నుంచి అని ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.

బయటికొస్తే ఫోటోలవాళ్ళు కాచుకుని ఉన్నారు. మా ఊరు ఎలా ఉందని అడిగారు. సారు కళ్ళు మూసుకున్నాడు.

ఆవిడ నవ్వేసింది. "మా ఊళ్ళో కూడా ఎవరైనా వస్తుంటే ఇలాగే దాస్తాం. మేము రంగు వేసిన చెక్కలు అడ్డం పెడతాం. మీ గుడ్డలే అందంగా ఉన్నాయి. కానీ మా వీధులు ఊడ్చేవాళ్ళకి ఇంత శుభ్రమైన గది లేదు. మా ఊరు వెళ్ళగానే ఈ సంగతి చెబుతాను." తర్వాత సారు వైపు తిరిగి, "ప్రతి వార్డులోనూ ఇలాగే ఉందా?" అంది.

సారు కళ్ళు తెరిచాడు. ఎదురుగా కెమెరాలు. "ఎస్ మేడమ్! ఎవ్రీ వార్డ్!" అన్నాడు.

అంత పెద్ద అబద్ధం అంత నిటారుగా నిలబడి చెప్పిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. ఆ క్షణంలో ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

బృందం వెళ్ళిపోయింది. మధ్యాహ్నానికి సారు బంట్రోతు తాళం పట్టుకుని వచ్చాడు. నాకు మండింది. సారు కూడా వెనకే జీపులో వచ్చాడు. "ఫైలు ఉంది కదమ్మా, పద్ధతి ప్రకారం..." అని మొదలుపెట్టాడు. నేను చీర కొంగు దోపుకుని నోటికి పని చెప్పబోతున్నాను. పెద్దామె నా మోచెయ్యి నొక్కింది.

"తాళం యెట్ల ఏస్తారు సార్? లోపల పూజ ఉండాది" అంది.

"ఉద్వాసన చెప్పారుగా? పొద్దున చీపుళ్ళు బయటికొచ్చాయిగా?"

"అన్నీ వచ్చినాయి సార్. ఒకటి రాలే."

తలుపు పక్కకి తీసి చూపించింది. గదిలో కలశం, వెలుగుతున్న దీపం, దాని పక్కన దండ వేసిన చీపురు ఒక్కటి. పొద్దున అందరూ చీపుళ్ళు తీసుకుంటుంటే దాన్ని మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. నాతో కూడా అనలేదు! ఇన్నాళ్ళ నుంచి వాళ్ళ తరఫున వాదించే నాతో!

బంట్రోతు చెప్పులు విడిచి, తాళం జేబులో పెట్టుకుని, దీపానికి దండం పెట్టుకున్నాడు. సారు వాడి వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"మీ జీపుకి కట్టిన అరటిచెట్లు ఇంకా వాడలేదు సార్" అన్నాను. "ఆడవాళ్ళు పెట్టిన పూజ మీద మీరు తాళం వేయించారని ఆ ఫోటోలవాళ్ళకి తెలిస్తే..."

"చాలమ్మా, చాలు" అన్నాడు. గుమ్మం దగ్గరే నిలబడి, లోపలికి రాకుండా, పెద్దామెని అడిగాడు. "మరి ఉద్వాసన ఎప్పుడు చెబుతారు?"

పెద్దామె వక్క ఒక బుగ్గ నుంచి మరో బుగ్గకి మార్చుకుంది.

"మంచి దినం చూసి చెప్తాము సార్."

ఆ సారు బదిలీ అయ్యాడు. తర్వాత వచ్చిన సారు అడిగాడు, ఆ తర్వాత వచ్చినాయనా అడిగాడు. నేను ఆ ఉద్యోగం వదిలి వచ్చేసే రోజున గడప దగ్గర నిలబడి నేను కూడా అడిగాను. చిన్నామె, అప్పటికి ఇద్దరు పిల్లల తల్లి, పెరట్లో కుళాయి కింద కాళ్ళు కడుక్కుంటూ అక్కణ్ణుంచే అరిచింది.

"చూస్తాండాము మేడం. ఇంగా రాలే."